ఘంటసాల గీత చావు పాట కాదు

కోవూరు బజారులో వైకుంఠరథం మైకులోంచి ఘంటసాల గొంతు వినబడితే చాలు, అంగళ్లలో మాటలు ఆగిపోతాయి. ‘ఎవురు పోయారబ్బయ్యా?’ అని అడుగుతారే గానీ, పాడుతున్నదేమిటో ఎవరూ పట్టించుకోరు. తెలుగువాళ్లకు దక్కిన గొప్ప ఆల్బమ్ ‘భగవద్గీత’కు ఈ గతి పట్టడం నాకు బాధగా ఉంటుంది.

1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల వేంకటేశ్వరరావు విజయనగరంలో మధూకరం ఎత్తుకుని తింటూ, పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర సంగీతం నేర్చుకున్నారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లారు. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ తర్వాత ఆయన పాట వినని తెలుగిల్లు లేదు. సినిమా బయట కూడా ఆయనకు పెద్ద లోకం ఉంది. కరుణశ్రీ పద్యాలు ‘పుష్పవిలాపం’, ‘కుంతీకుమారి’ మూడు నిమిషాల గ్రామఫోను రికార్డుల కాలంలోనే ఊరూరా తిరిగాయి.

1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండెనొప్పి వచ్చింది. చక్కెర జబ్బు అప్పటికే ఉంది. ఆస్పత్రిలో చేరారు. ఆ మంచం మీదే గీత పాడాలన్న కోరిక గట్టిపడింది. ఏడు వందల శ్లోకాల్లోంచి వందకు పైచిలుకు ఏరి, హెచ్.ఎం.వి. కోసం మద్రాసులో పాడారు. రికార్డు జనంలోకి వచ్చేసరికి ఆయన లేరు. 1974 ఫిబ్రవరి 11న, 51 ఏళ్లకే కన్నుమూశారు. గీతకూ మరణానికీ మన మనసుల్లో ముడిపడటానికి ఇదీ ఒక కారణమని నా నమ్మకం.

ఒకసారి శ్రద్ధగా వినండి. శ్లోకం పాడతారు, వెంటనే తెలుగు తాత్పర్యం తానే చెబుతారు. పాటలోంచి మాటలోకి దిగేటప్పుడు ఎక్కడా అతుకు కనబడదు. రాగాలు మారుతుంటాయి గానీ సంగతులు గుప్పించి విద్వత్తు చూపించాలన్న తాపత్రయం లేదు. వాద్యాలు వెనకే నిలబడతాయి. సంస్కృతం రానివాళ్లకు కూడా ప్రతి అక్షరం విడిగా, నిండుగా వినబడుతుంది. పద్యం పాడి పాడి పదునెక్కిన నాలుక అది. యౌవనంలోని ఆ గంభీరనాదం కాస్త తగ్గింది, నిజమే. తగ్గినచోట నిదానం వచ్చింది. నాకైతే ఈ నిదానమే ఎక్కువ ఇష్టం.

పెద్ద వయసు గొంతు విలువ పడమటి దేశాలవాళ్లకు బాగా తెలుసు. సోల్ గాయకుడు సాలమన్ బర్క్ 60 దాటాక, 2002లో, నాలుగు రోజుల్లో రికార్డు చేసిన ఆల్బమ్‌కు గ్రామీ ఇచ్చి నెత్తిన పెట్టుకున్నారు.

మన పెన్న ఒడ్డుకు ఘంటసాల పరంపరతో దగ్గరి బంధుత్వం ఉంది. నెల్లూరు హరికథకులు సాంబమూర్తి గారబ్బాయి బాలసుబ్రహ్మణ్యం 1969లో ‘ఏకవీర’లో ఘంటసాలతో గొంతు కలిపారు. జీవితాంతం ఆయన్ను గురువుగానే తలచుకున్నారు.

గీత చెప్పింది పోయినవాళ్లకు కాదు. విల్లు కింద పడేసి కూలబడ్డ మనిషిని లేపి నిలబెట్టడానికి చెప్పింది. శవయాత్రలో వేయొద్దని నేననను, దుఃఖంలో ఉన్నవాళ్లకు అదొక ఊరట. కానీ అక్కడికే పరిమితం చేయకండి. పరీక్షకు భయపడుతున్న పిల్లాడికి, పంట పోయి దిగాలు పడ్డ రైతుకి వినిపించండి. ఈ ఆదివారం మీరూ ఇంట్లో పెట్టుకుని, మొదటి శ్లోకం నుంచి చివరిదాకా వినండి.