గోకూ పెద్దవాడయ్యాడు

"ఏ సీక్వెలూ మొదటిదానంత బాగుండదమ్మా" అన్నాడు మొన్న మా అబ్బాయి. ఇంటర్ రెండో సంవత్సరం వాడు.

"మరి నీ డ్రాగన్ బాల్ జెడ్ సీక్వెలే కదరా?" అన్నాను. వాడి పక్కన కూర్చుని కూరలు తరుగుతూ చూసీ చూసీ నాకూ ఆ కథంతా వచ్చేసింది.

అకిరా తొరియామా 1984లో 'షోనెన్ జంప్' అనే జపాన్ వారపత్రికలో ఈ బొమ్మల కథ మొదలుపెట్టారు. 1986లో అది టీవీకి వచ్చింది. తోక ఉన్న పిల్లాడు గోకూ, కోరిక తీర్చే ఏడు బంతుల కోసం వెతుకులాట, బోలెడంత నవ్వు. 153 భాగాలయ్యాక 1989 ఏప్రిల్‌లో ముగిసింది. సరిగ్గా వారం తర్వాత 'జెడ్' మొదలైంది.

పత్రికలో కథ ఆగలేదు, పేరూ మారలేదు. టీవీలోనే పేరు మార్చారు. మారినవాడు గోకూ. నాలుగేళ్ళ కొడుకుని చంకనేసుకుని వచ్చాడు! ఎన్నడూ చూడని అన్న ఒకడు ఊడిపడి ఆ పిల్లాణ్ణి ఎత్తుకుపోతే, కొడుకు కోసం తండ్రి ప్రాణమే ఇచ్చేశాడు. అక్కడినుంచి అది పిల్లల ఆట కాదు, సంసారం. 291 భాగాలు నడిచింది. చాలామందికి ఇదే అసలు కథ.

1995లో తొరియామా పత్రికలో కథ ముగించారు. 1996లో జెడ్ అయిపోయిన వారానికే 'జీటీ' వచ్చింది. ఈసారి వెనక ఆయన రాసిన కథ లేదు. తాతైపోయిన గోకూని ఒక కోరికతో మళ్ళీ పిల్లాణ్ణి చేశారు. పాత నవ్వులు తిరిగి తేవాలనుకున్నట్టున్నారు. 64 భాగాలతో ఆగిపోయింది. ముగింపు మెచ్చుకునేవాళ్ళు మాత్రం ఇప్పటికీ ఉన్నారు.

తర్వాత 2015లో తొరియామా ఇచ్చిన కథతో 'సూపర్' వచ్చింది. మొదట్లో బొమ్మలు బాగాలేవని అందరూ తిట్టారు. అయినా 131 భాగాలు నడిచింది. 2024 అక్టోబరులో వచ్చిన 'డైమా'లో గోకూ మళ్ళీ పిల్లాడే, కానీ అది తొరియామా స్వయంగా అల్లిన కథ. అది టీవీలో రాకముందే, ఆ మార్చిలో, ఆయన 68 ఏళ్ళకు కన్నుమూశారు.

కాబట్టి పిల్లాణ్ణి చేయడమే తప్పు అనను. ఆ మనుషుల గురించి చెప్పాల్సింది ఇంకా మిగిలి ఉంటే సీక్వెల్ నిలుస్తుంది. మనం పోగొట్టుకున్నది తిరిగి తెచ్చుకోవడానికే అయితే కష్టం.

ఇంత చెప్పాను గానీ, జీటీ వాళ్ళ మీద నాకు కోపం రాదు. వచ్చే ఏడు వీడు హాస్టల్‌కి వెళ్ళిపోతాడు. ఆ ఏడు బంతులు నాకు దొరికితే నేనూ అదే కోరిక కోరతానేమో. నాలుగేళ్ళ వాడు, టీవీ ముందు, నా ఒళ్ళో.

దొరకకపోవడమే మంచిదిలెండి. వాడి 'జెడ్' ఇంకా మొదలే కాలేదు.