తెరమీది బొమ్మయు బడిలోని పంతులును

బడిపిల్లలకు టెలివిజను తెరపై యథార్థ చిత్రములు చూపి చదువు చెప్పుటను గూర్చి యీ ప్రసంగమున నాలుగు మాటలు మనవి చేసెదను. యథార్థ చిత్రమనగా కట్టుకథ గాక, లోకమందలి మనుష్యులను, చోటులను, జరుగు పనులను చూపు చిత్రము. దీనినే డాక్యుమెంటరీ యందురు. అగ్నిపర్వతము నిప్పులు గ్రక్కుటయు, సముద్రగర్భమున చేపలు తిరుగుటయు, ప్రాచీన నగరముల శిథిలములును పల్లెలోని బిడ్డ తన బడిలో కూర్చుండియే చూడగలుగుట సామాన్యమైన లాభము కాదు. అయినను, బడిలో తెర యొకటి యుండిన చాలును, పంతులుతో పని తగ్గిపోవునను నభిప్రాయ మొకటి లోకమున వినవచ్చుచున్నది. ఇది యెంతవరకు నిజమో చరిత్ర నడిగి చూతము. ఈ విషయమున పెద్ద పరీక్షలు మన దేశమందే జరిగినవి. అందొకటి మన తెలుగు పల్లెలలోను జరిగినది.

బొమ్మలు చూపి బోధించుట మనకు క్రొత్త గాదు. చేర్యాల నకాషీ చిత్రకారులు పొడవైన గుడ్డపై వరుసవరుసలుగా పురాణ ఘట్టములను చిత్రింతురు. అట్టి పటమును వ్రేలాడగట్టి కూనపులివారు పద్మశాలీల యెదుట మార్కండేయ పురాణము చెప్పు సంప్రదాయము తెలంగాణమున కలదు. కథకుడు ఒక్కొక్క బొమ్మను చూపుచు కథ నడుపును. సభలో పిల్లలెక్కువగా నున్నచో నొక రీతిగను, పెద్దలెక్కువగా నున్నచో మఱియొక రీతిగను చెప్పును. ఎవరికైన సందేహము కలిగినచో నిలిచి విడమరచును. బొమ్మ పటములోనిదే గాని, దాని యర్థము కథకుని నోటిలోనిది. కథకుడు లేని పటము చూచువారికి రంగుల గుడ్డగనే తోచును. ఈ సామాన్యమైన సత్యము తెర వచ్చిన తరువాత మరుగుపడినది. ఏలయన, తెరమీది బొమ్మ కదలును, మాటలాడును. మాటలాడు బొమ్మకు వేఱొక కథకు డెందులకని మనకు తోచును.

అయితే ఆ బొమ్మ చెప్పున దంతయు నిజమేనా? యథార్థ చిత్రముల చరిత్ర మొదటి దినములనుండి యొక యుదాహరణము చెప్పెదను. 1922 వ సంవత్సరమున రాబర్ట్ ఫ్లాహర్టీ యను నమెరికా దేశీయుడు కెనడా దేశపు ఉత్తర భాగమున, మంచు ప్రదేశములలో నివసించు ఇన్యూట్ జనులను గూర్చి ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ అను చిత్రమును లోకమునకు చూపెను. జనులు దానిని మిక్కిలి మెచ్చిరి. తరువాత 1926 వ సంవత్సరమున జాన్ గ్రియర్సన్ అను స్కాట్లండు దేశీయుడు ఫ్లాహర్టీ తీసిన మఱియొక చిత్రమును సమీక్షించుచు ‘డాక్యుమెంటరీ’ యను మాటను వాడెను. అప్పటినుండి యీ జాతి చిత్రములకు ఆ పేరు స్థిరపడినది.

ఇక నానూక్ చిత్రమందలి కథానాయకుని అసలు పేరు నానూక్ కాదు, అల్లకరియల్లక్. అప్పటికే ఆ జనులు వేటకు తుపాకులు వాడుచుండిరి. అయినను పూర్వకాలపు వేటను చూపవలెనని చిత్రమున వారిచేత ఈటెలు పట్టించిరి. మంచు గడ్డలతో కట్టిన యింటిలోపల చిత్రము తీయుటకు వెలుతురు చాలలేదు, చోటును చాలలేదు. అందుచేత ఒక ప్రక్క గోడ లేని మంచు ఇంటిని ప్రత్యేకముగా కట్టించిరి. ఆ కుటుంబము ఆ చలిలో అందు పండుకొన్నట్లు నటించెను.

దీనినిబట్టి ఆ చిత్రము వట్టి యబద్ధమని చెప్పరాదు. చలి నిజము, మంచు నిజము, ఆ జనుల నేర్పు నిజము. కాని ఆ చిత్రమును చూచు పదియేండ్ల బిడ్డకు ఏది యున్నదో, ఏది పెట్టినదో తెలియదు. కన్నులార చూచితినని నమ్మును. పుస్తకములో చదివిన దానిని సందేహించు పిల్లవాడును కంటితో చూచిన దానిని సందేహింపడు. గ్రామములలో తగవులు తీర్చిన పెద్దలకు ఈ సంగతి వేఱుగా చెప్ప నక్కరలేదు. సాక్షి సత్యవంతుడైనను తాను నిలుచున్న చోటునుండి కనబడినదే చెప్పును. నీవెక్కడ నిలిచితివి, అప్పుడు వెలుతురెంత, నీకును వానికిని సంబంధమేమి యని పెద్దలు అడిగిన తరువాతనే సాక్ష్యమునకు విలువ కట్టుదురు. చిత్రమును ఒక సాక్షియే. బడిలో ఆ సాక్షిని ప్రశ్నింపవలసిన పెద్ద ఉపాధ్యాయుడు.

ప్రశ్నయు చర్చయు లేని బోధ యెంతవరకు నాటునో తెలిసికొనుటకు మన దేశమున మొదట రేడియోతోనే పరీక్ష జరిగినది. 1956 వ సంవత్సరమున పూనా ప్రాంతమందలి సుమారు 150 గ్రామములలో రైతులు చిన్న సంఘములుగా కూర్చుండి, వారమునకు రెండు ప్రసంగములు విని, విన్నదానిని గూర్చి తమలో తాము చర్చించి, సందేహములను రేడియో కేంద్రమునకు వ్రాసి పంపునట్లు ఏర్పాటు చేసిరి. పది వారములైన పిమ్మట ఈ గ్రామములను, రేడియో యుండియు సంఘము లేని గ్రామములతోను, రేడియోయే లేని గ్రామములతోను పోల్చి చూచిరి. చర్చ జరిగిన గ్రామములలో జనుల తెలివిడి మిక్కిలి పెరిగెను. తక్కిన గ్రామములలో పెరిగినది స్వల్పము. పెట్టె యొక్కటియే యా పని చేయలేదు. పెట్టె చుట్టును కూర్చున్న మనుష్యులు చేసిరి.

మన దేశమున టెలివిజను 1959 వ సంవత్సరము సెప్టెంబరు 15 వ తేదీన ఢిల్లీలో ప్రారంభమయ్యెను. రెండేండ్లు గడచిన పిమ్మట, 1961 అక్టోబరులో, ఢిల్లీ నగరపు ఉన్నత పాఠశాలలకు టెలివిజను పాఠములు మొదలయ్యెను. అనేక పాఠశాలలలో ప్రయోగశాలలు లేవు. శాస్త్రములు చక్కగా చెప్పగల ఉపాధ్యాయులును చాలినంతమంది లేరు. ఆ కొఱత తీర్చుటకే యీ ఏర్పాటు. అయినను దానిని నెలకొల్పినవారు తెరను తరగతికి యజమానిని చేయలేదు. ముందు తరగతి ఉపాధ్యాయుడు విషయమును పరిచయము చేయవలెను. నడుమ తెరపై పాఠము. పిమ్మట మరల ఉపాధ్యాయుడు ప్రశ్నలడిగి దానిని స్థిరపఱచవలెను. ఇది వారు పెట్టుకొన్న పద్ధతి.

ఇంక అన్నిటికంటె గొప్ప పరీక్షకు వత్తము. 1969 వ సంవత్సరమున మన అణుశక్తి శాఖకును, అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసాకును ఒక ఒడంబడిక కుదిరెను. ఆకాశమున నిలిపిన ఉపగ్రహమునుండి తిన్నగా పల్లెలకు టెలివిజను పంపవలెనని దాని సంకల్పము. దీనికి మూలపురుషుడు విక్రమ్ సారాభాయి. కాని యాయన 1971 డిసెంబరు 30 వ తేదీన పరమపదించుటచే ఆ ఫలమును కన్నులార చూడలేకపోయెను. 1974 మే నెలలో ప్రయోగింపబడిన ఏ.టి.యస్.-6 అను నమెరికా ఉపగ్రహమును తూర్పు ఆఫ్రికాకు పైని, సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున నిలిపి, ఒక్క సంవత్సరము మనకు వాడుకొన నిచ్చిరి. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వఱకు, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహారు, మధ్యప్రదేశ్, రాజస్థాన్ అను నారు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు ప్రసారములు సాగినవి. దీనినే సైట్ ప్రయోగమందురు.

టెలివిజను పెట్టెలు హైదరాబాదులోని ఈ.సి.ఐ.యల్. కర్మాగారమున తయారయ్యెను. కోళ్ల దొడ్లకు కట్టునట్టి యినుప తీగవలతో చేసిన పదియడుగుల వెడల్పు గొడుగు వంటి యేరియలు ప్రతి గ్రామమునను నిలిపిరి. తెలుగు కార్యక్రమములు సిద్ధము చేయుటకు హైదరాబాదులో నొక నిర్మాణ కేంద్రము వెలసెను. సాయంకాలము పెద్దలకు వ్యవసాయము, ఆరోగ్యము మున్నగు విషయములు. ఉదయము బడి వేళ పిల్లలకు ఒక్కొక్క భాషలో 22½ నిమిషముల కార్యక్రమము. అయిదేండ్లు మొదలు పండ్రెండేండ్ల వఱకు గల పిల్లలందఱును ఒకే తెర యెదుట కూర్చుండిరి. అందఱికిని ఒకటే పాఠము. అర్థము కాని బిడ్డ కొఱకు తెర నిలువదు; తొందరగా గ్రహించిన బిడ్డ కొఱకు ముందునకు పోదు.

ఫలితమేమి? పరిశోధకులు తెర గల బడులను, తెర లేని బడులను పోల్చి చూచిరి. బడి పరీక్షలలో తెర చూచిన పిల్లలు ఎక్కువ మార్కులు తెచ్చుకొన్న జాడ చెప్పుకోదగినంత కానరాలేదు. కాని వారి భాష మెరుగుపడెను. పుస్తకములోనే గాక యితరత్రను విషయములు తెలిసికొనవలెనను కుతూహలము పెరిగెను. ఈ రెండు మాటలను కలిపియే వినవలెను. తెర ఆకలి పుట్టించినది. అన్నము పెట్టవలసినవాడు వేఱుగా నుండవలసివచ్చినది.

ఈ సంగతి ఆ ప్రయోగమును నడిపినవారికి తెలియక పోలేదు. కనుకనే అదే సంవత్సరమున ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు, 12 దినముల శిక్షణగా, విజ్ఞానశాస్త్రము బోధించు రీతిని నేర్పిరి. రెండు విడతలలో దాదాపు 50,000 మంది యా శిక్షణ పొందిరి. అందు టెలివిజను ఒక్కటియే కాదు. రేడియో పాఠములు, అచ్చు పుస్తకములు, చేతితో చేయవలసిన ప్రయోగములు, ఎదుట నుండి నడిపించు మార్గదర్శకుడు, ఇవన్నియు కలిసియున్నవి. పంతులునకు పాఠము నేర్పునప్పుడు తెర చాలదని తెలిసికొన్నవారు, పసివానికి తెర చాలునని యెట్లందురు?

గడువు తీరగనే ఉపగ్రహము వెనుకకు పోయెను. కొన్ని ప్రాంతములలో భూమిమీది ప్రసార కేంద్రముల మూలమున కార్యక్రమములు కొనసాగినను, పెక్కు గ్రామములలో తెర చీకటియయ్యెను. హైదరాబాదు టెలివిజను కేంద్రము 1977 అక్టోబరు 23 వ తేదీన ప్రారంభమయ్యెను. మన సొంత ఉపగ్రహము ఇన్సాట్-1బి 1983 ఆగస్టులో ఆకాశమునకు పోయెను.

ఇటీవలి యనుభవ మొకటి గలదు. కరోనా వ్యాధివలన బడులు మూతపడినప్పుడు, తెలంగాణమున 2020 సెప్టెంబరు 1 వ తేదీ మొదలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారముల ద్వారా పిల్లలకు పాఠములు చెప్పిరి. ఆ యాపత్కాలమున అది గొప్ప యుపకారమే. కాని సందేహము కలిగి చేయి యెత్తిన బిడ్డను తెర చూడలేదు. వెనుక వరుసలో తల వంచుకొన్న బిడ్డను గుర్తింపలేదు. ఆ రెండును ఉపాధ్యాయుని కన్ను చేయు పనులు.

అయినను 1975 నాటి పంతులునకు లేని వసతి యొకటి నేటి పంతులునకు కలదు. నాటి ప్రసారము ఏఱువలె పారిపోవును, ఎవరికొఱకును నిలువదు. నేడు చిత్రమును దాచుకొనవచ్చును; కావలసినచోట నిలుపవచ్చును; వెనుకకు త్రిప్పి మరల చూపవచ్చును. పటము ముందఱి కథకునివలె, నిలుచుట యిప్పుడు మన వశమందున్నది. నిలుపువాడు మాత్రము కావలెను.

కావున పెద్దలకు నా మనవి. మీ గ్రామపు బడిలో తెర వచ్చినచో సంతోషింపుడు. కాని దానిని చూడబోయినప్పుడు పెట్టె ధర యడుగుటతో తృప్తి పడకుడు. చిత్రమునకు ముందు పంతులు పిల్లలకేమి చెప్పినాడు, నడుమ ఎక్కడ నిలిపినాడు, ముగిసిన పిమ్మట ఎవరెవరు ఏయే ప్రశ్న లడిగిరి అని విచారింపుడు. పిల్లలనే పిలిచి, ఈ చిత్రమును ఎవరు తీసిరి, ఇందు చూపనిది యేమి యని యడుగుడు. జవాబు చెప్పగలిగిరా, తెర సార్థకము. అంతకంటె ముఖ్యముగా, తెర వచ్చినది గదా యని పంతులు స్థానమును ఖాళీగా నుంచు నాలోచన యెవరికైన కలిగినచో, దానికి మీరు సమ్మతింపకుడు. యంత్రము పాతబడినచో మఱియొకటి కొనవచ్చును. ప్రశ్న యడుగుట నేర్వకుండ పెరిగిన బిడ్డకు ఆ యేండ్లను తిరిగి యెవరును కొని యీయలేరు.