బ్రిటిష్ లలిత వాద్యసంగీతము – వృద్ధిక్షయములు

ఉదయమున ఆకాశవాణి ప్రసారములకు ముందు వినవచ్చు చిన్న సంకేతసంగీతమును ఎరుగని తెలుగు శ్రోత అరుదు. ఆ స్వరములు చెవిని బడగానే పక్క విడిచి లేచిన తరములు రెండు మూడు కలవు. దానిని కూర్చినదెవరని అడిగినచో మాత్రము నూటికి ఒక్కరైనను చెప్పజాలరు. జెకోస్లవేకియా దేశమునుండి వచ్చి బొంబాయిలో తలదాచుకొనిన వాల్టర్ కౌఫ్‌మన్ అను విద్వాంసుడు 1936 ప్రాంతమున దానిని రచించెనని ప్రసిద్ధి. రేడియోను నమ్ముకొనిన సంగీతమునకు ఈ గతి సామాన్యము. రాగము ఇంటింటికిని తెలియును. కర్త పేరు ఏ ఇంటను తెలియదు. బ్రిటన్ దేశమున ఈ గతి ఒక్క రచనకు గాక ఒక సంగీతశాఖకంతకును పట్టినది.

ఆ శాఖను ఇంగ్లీషువారు ‘లైట్ మ్యూజిక్’ అందురు. మాటకు మాటగా దానిని లలిత సంగీతమని చెప్పవచ్చును గాని, మనవారు పొరబడకుండుటకు ఒక భేదమును ముందుగా మనవిచేయవలెను. మన రేడియో లలితసంగీతము పాటకు పుట్టినది. కవి పలుకు దానికి ప్రాణము. వారిది ప్రధానముగా పాటలేని వాద్యగోష్ఠి. సింఫొనీ వాయించు వాద్యములే అందును ఉండును. పలుమారు ఆ విద్వాంసులే ఉందురు. అయితే రచన నాలుగైదు నిమిషములకు మించదు. వినిన మొదటిసారియే రాగము మనసున హత్తుకొనవలెను. శ్రోతకు శ్రమ కలుగరాదు. వాద్యకారునికి మాత్రము శ్రమ తప్పదు. తేలికగా వినిపించుటకై ఎంత నేర్పు కావలెనో ఆ వృత్తిలోనివారికే తెలియును.

19వ శతాబ్ది ఉత్తరార్ధమున రైలుమార్గములు పెరిగి, సెలవుదినములలో సామాన్యజనులు సముద్రతీర పట్టణములకు పోవుట ఆ దేశమున ఆచారమయ్యెను. వచ్చినవారిని అలరించుటకు ఆ పట్టణములు తోటలను, సముద్రములోనికి చొచ్చుకొనిపోవు విహారవంతెనలను, వానిలో వాయించుటకు వాద్యబృందములను ఏర్పరచుకొనెను. బోర్న్‌మత్ పురపాలక సంఘము 1893లో డాన్ గాడ్‌ఫ్రీ అను బృందనాయకుని నియమించి, సుమారు ముప్పదిమందితో ఒక బృందమును నెలకొల్పెను. వీధులు ఊడ్పించి దీపములు పెట్టించు సంఘమే వయొలిన్ విద్వాంసులకు జీతములిచ్చుట మనకు వింతగా తోచవచ్చును. ఆ బృందము క్రమముగా పెరిగి, 1954లో బోర్న్‌మత్ సింఫొనీ ఆర్కెస్ట్రాయై నేటికిని నిలిచియున్నది. పెద్ద హోటళ్లలో ఈతజాతి మొక్కల కుండీల నడుమ, సాయంకాలపు తేనీటివేళ వాయించు చిన్న బృందములు వేరుగా ఉండెను. అచ్చట సంగీతము వినుటకని వచ్చినవారు కొద్దిమందియే. తక్కినవారు మాటలాడుకొనుచు తేనీరు త్రాగుచుండగా, సంగీతము వారి మాటలకు పందిరివలె ఉండెడిది. ఈ శాఖ పుట్టుకలోనే ఈ లక్షణము కలదు: అది ఎల్లప్పుడును మరియొక పనికి తోడు.

మూగచిత్రముల కాలమున ఆ తోడు మరింత అవసరమయ్యెను. సినిమాశాలలలో తెరముందు వాద్యకారులు కూర్చుండి కథకు తగిన సంగీతమును వాయించెడివారు. బర్మింగ్‌హామ్‌లో 1875లో జన్మించిన ఆల్బర్ట్ కెటెల్బీ అట్టి రచనలలో దిట్ట. 1915 నాటి ‘ఇన్ ఎ మొనాస్టరీ గార్డెన్’, 1920 నాటి ‘ఇన్ ఎ పర్షియన్ మార్కెట్’ ఆయనకు కీర్తిని, ధనమును గూడ తెచ్చిపెట్టెను. రెండవ రచనలో ఒంటెల నడక, బిచ్చగాండ్ర కేకలు, రాజకుమార్తె రాక, అన్నియు వినబడును. పర్షియా దేశపు సంగీతముతో దానికి చుట్టరికమేమియు లేదు. అది లండను వాని కలలోని తూర్పుదేశము. తూర్పుదేశమువారమైన మనకు దానిని వినునపుడు నవ్వు వచ్చును. నవ్వినవాడే ఆ రాగమును కూనిరాగముగా తీయుచు ఇల్లు చేరుననుటయు నిజమే.

1928 మొదలు మాటలాడు చిత్రములు వచ్చిపడి, రెండు మూడేండ్లలో సినిమాశాలల వాద్యకారుల జీవనాధారమును తుడిచిపెట్టెను. అప్పుడు వారికి మిగిలిన పెద్ద యజమాని బి.బి.సి.

ప్రసారసంస్థకు ఆకలి ఎక్కువ. ఉదయమునుండి రాత్రివరకు గడియారము తిరుగుచునే యుండును. ప్రతి నిమిషమును ఏదో ఒకటి వినిపించవలెను. రేడియోలో పనిచేయు మాబోంట్లకు ఈ బాధ అనుభవైకవేద్యము. ఈస్ట్‌బోర్న్ పట్టణములోని గ్రాండ్ హోటల్ నుండి 1925లో ఆరంభమైన ఆదివారపు వాద్యగోష్ఠి దేశమంతటను ప్రీతిపాత్రమయ్యెను. యుద్ధకాలమున ఆ కార్యక్రమము స్టూడియోలోనికి మారెను. హోటలు లేదు, తేనీరు లేదు. పేరు మాత్రము ‘గ్రాండ్ హోటల్’. శ్రోతకు ఆ లోపము తోచలేదు. హోటలును శ్రోతయే తన ఊహలో కట్టుకొనెను.

ఈ కాలమునకు నాయకుడనదగినవాడు ఎరిక్ కోట్స్. ఆయన 1886లో నాటింగ్‌హామ్ మండలములోని హక్నల్ అను గనుల గ్రామమున ఒక వైద్యునికి జన్మించెను. లండను క్వీన్స్ హాల్ ఆర్కెస్ట్రాలో హెన్రీ వుడ్ నాయకత్వమున ప్రధాన వయోలా వాద్యకారుడుగా నుండి, 1919లో ఆ కొలువు పోగా, అటుపిమ్మట రచనమీదనే బ్రదికెను. ఆర్కెస్ట్రా నడుమ కూర్చుండి సంవత్సరముల తరబడి వాయించినవాడగుటచే ఏ వాద్యము ఎచ్చట పలికిన హాయిగా నుండునో ఆయనకు లోపలినుండి తెలియును. ఆయన రచనలలో వయోలాకు సయితము వాయించి సంతోషించుటకు ఏదో ఒకటి దొరకును. ఇతర రచయితలు ఆ వాద్యమునకు అంత కరుణ చూపలేదు.

1933లో బి.బి.సి.వారు లండనుకు వచ్చిన చిత్రవిచిత్ర వ్యక్తులతో సంభాషించు ‘ఇన్ టౌన్ టునైట్’ అను కార్యక్రమమును ఆరంభించుచు, కోట్స్ రచించిన ‘లండన్ సూట్’ నుండి ‘నైట్స్‌బ్రిడ్జ్’ అను నడకపాటను సంకేతసంగీతముగా పెట్టిరి. ఆ రాగమేదో చెప్పుడని వేలకొలది ఉత్తరములు వచ్చిపడెను. ఇంత ప్రజాదరణమును ప్రసారసంస్థవారును ఊహించియుండరు. 1930లో ససెక్స్ తీరమునుండి సాయంకాలపు సముద్రమును చూచి ఆయన రచించిన ‘బై ది స్లీపీ లగూన్’ మరి పండ్రెండేండ్లకు, 1942 జనవరిలో, ‘డెజర్ట్ ఐలండ్ డిస్క్స్’ కార్యక్రమమునకు ద్వారతోరణమయ్యెను. దానికి సముద్రపక్షుల కూతలను గూడ చేర్చిరి. ఇంగ్లండు తీరపు రచనను జనులు నేటికిని ఉష్ణమండల దీవుల సంగీతమనియే తలంచుచున్నారు.

యుద్ధము ఈ సంగీతమునకు ఊహింపని ఉద్యోగమిచ్చెను. 1940 జూన్ 23న ‘మ్యూజిక్ వైల్ యు వర్క్’ ఆరంభమయ్యెను. ఆయుధములు తయారుచేయు కర్మాగారములలో లౌడ్‌స్పీకర్లద్వారా అరగంటసేపు ఎడతెగని సంగీతము. ప్రకటనకర్త నడుమ మాటలాడరాదు. అదే సంవత్సరమున కోట్స్ రచించిన ‘కాలింగ్ ఆల్ వర్కర్స్’ దానికి సంకేతము. రెడ్‌క్రాస్ కేంద్రమున కుట్టుపని చేయుచుండిన ఆయన భార్య, ఆ పనికి ఊపునిచ్చు రాగమొకటి కట్టుమని కోరెనని చెప్పుదురు. ఈ కార్యక్రమమునకు నియమములు కఠినము. విలంబకాలము పనికిరాదు, నిద్ర వచ్చును. శబ్దము హెచ్చుతగ్గులు కారాదు. తగ్గినచో యంత్రముల మ్రోతలో మునిగిపోవును. ‘డీప్ ఇన్ ది హార్ట్ ఆఫ్ టెక్సస్’ అను అమెరికన్ పాటను పనివేళలలో నిషేధించిరి. ఆ పాటలో నడుమనడుమ చప్పట్లు కొట్టవలసియున్నది. కార్మికులు చేతిలోని సుత్తులతో బల్లలమీద కొట్టుదురని భయము. సంగీతమును మందువలె కొలతపెట్టి ఇచ్చుట కళకు మేలా అని అడుగవచ్చును. ఆ అడుగుట న్యాయమే. అయినను ఆ బల్లలముందు నిలిచి పది గంటలు పనిచేసినవారిలో ఆ అరగంటకొరకు ఎదురుచూడనివారు తక్కువ.

యుద్ధానంతరము ఒక పదిపండ్రెండేండ్లు ఈ సంగీతమునకు నిండుపున్నమ. 1945 జూలైలో ‘లైట్ ప్రోగ్రామ్’ అను ప్రత్యేక ప్రసారశాఖ ఏర్పడెను. 1949లో లలితసంగీతోత్సవములు ఆరంభమయ్యెను. 1952లో బి.బి.సి. కాన్సర్ట్ ఆర్కెస్ట్రా, 1953లో ‘ఫ్రైడే నైట్ ఈజ్ మ్యూజిక్ నైట్’ వెలసెను. కెనడా సైన్యముతో 1944లో వచ్చి ఇంగ్లండుననే నిలిచిపోయిన రాబర్ట్ ఫార్నన్ ‘పోర్‌ట్రెయిట్ ఆఫ్ ఎ ఫ్లర్ట్’ వంటి రచనలతో వాద్యసమ్మేళనమునకు క్రొత్త మెరుగు దిద్దెను.

డర్బీ పట్టణపు రోనల్డ్ బింజ్ చేసిన ప్రయోగమును కొంచెము వివరింపవలెను. పెద్ద దేవాలయములోని ప్రతిధ్వనిని యంత్రసహాయము లేక వయొలిన్లచేతనే పలికించుట ఆయన సంకల్పము. వయొలిన్ వాద్యకారులను కొన్ని జట్లుగా విభజించెను. రాగములోని మొదటి స్వరమును ఒక జట్టు, రెండవదానిని మరియొక జట్టు, ఇట్లు వంతులవారీగా వాయించును. ఒక జట్టు తన స్వరమును వెంటనే విడువక సాగదీయుచుండగా, తరువాతి జట్టు తన స్వరమును అందుకొనును. స్వరముమీద స్వరము జలపాతమువలె జారును. కాగితముమీద చూచినచో చిందరవందరగా నుండు ఈ పద్ధతితో 1951లో మాంటొవానీ బృందము ‘షార్‌మేన్’ రికార్డును వాయింపగా అది సముద్రముల కావల సయితము అమ్ముడుపోయెను. కీర్తి వెనిస్‌లో పుట్టిన మాంటొవానీకి దక్కినది. ఆ నేర్పు బింజ్‌దని ఎరిగినవారు వృత్తిలోనివారే. 1963లో బింజ్ రచించిన ‘సెయిలింగ్ బై’ అర్ధరాత్రి దాటిన పిదప నావికుల వాతావరణ సూచనలకు ముందు దశాబ్దముల తరబడి వినబడినది. అచ్చటను ఆయనకు పేరు లేదు.

ఇంత వైభవము ఎందుకు జారిపోయెను? రాక్ అండ్ రోల్ వచ్చినది, యువకుల అభిరుచి మారినది అని ఒక్కమాటతో త్రోసిపుచ్చుట వాడుక. అది సగము సత్యము. తక్కిన సగము జీతముల లెక్కలో నున్నది. రికార్డు కంపెనీలతోడను వాద్యకారుల సంఘముతోడను కుదిరిన ఒప్పందము ప్రకారము బి.బి.సి. నియమిత గంటలకు మించి రికార్డులు వేయరాదు. దీనిని ‘నీడిల్ టైమ్’ అనెడివారు. మిగిలిన కాలమును జీవముగల వాద్యకారులే నింపవలెను. లలితవాద్యబృందములను పోషించినది శ్రోతల ప్రేమతోపాటు ఈ కట్టుబాటుకూడ. 1964లో సముద్రములో ఓడమీదనుండి రేడియో కారొలైన్ రోజంతయు రికార్డులే వేయ మొదలిడగా, యువశ్రోతలు అటు మరలిరి. 1967 ఆగస్టులో ఆ ఓడలను అదుపుచేయు శాసనము వచ్చినది. సెప్టెంబరు 30న లైట్ ప్రోగ్రామ్ స్థానమున రేడియో 1, రేడియో 2 వచ్చినవి. ఆ మార్పుతోడనే ‘మ్యూజిక్ వైల్ యు వర్క్’ దైనందిన ప్రసారము ముగిసెను. నలుబదిమంది వాయించు నాలుగు నిమిషములకంటె నలుగురు గిటారులతో వాయించు రికార్డు చౌక.

1959లో బి.బి.సి. సంగీతవిభాగమునకు అధిపతియైన విలియం గ్లాక్‌ను ఈ పతనమునకు కారకుడని కొందరభిమానులు నిందింతురు. ఆయన నవ్యసంగీతపక్షపాతి యగుట నిజము. అయినను నిందనంతయు ఒక్కనిమీద మోపుట నాకు న్యాయముగా తోచదు. ఈ సంగీతమును గంభీరసంగీతమువారు అల్పమనిరి, పాప్ సంగీతమువారు ముసలిదనిరి. తనదని చెప్పుకొని వాదించు వర్గమే దానికి లేకపోయెను. అందరితోడను ఉండినది ఎవరిదిని కాకపోయినది. ఎరిక్ కోట్స్ 1957లోనే, ‘డామ్ బస్టర్స్’ చిత్రపు నడకపాట దేశమంతట మ్రోగుచుండగనే, కన్నుమూసెను.

1980లో వ్యయము తగ్గించుటకై బి.బి.సి. ఐదు వాద్యబృందములను రద్దుచేయ నిశ్చయింపగా వాద్యకారులు సమ్మెచేసిరి. ఆ యేటి ప్రొమెనేడ్ కచేరీల ఆరంభదినములు నిలిచిపోయెను. పిమ్మట స్కాటిష్ సింఫొనీ బృందము దక్కెను. మిడ్లండ్ రేడియో, నార్తర్న్ రేడియో బృందములు దక్కలేదు.

బృందము పోయినను దానిమీద జాలిపడువారుందురు; కాగితము పోయినచో ఎవరును ఎరుగరు. ఈ సంగీతములో విశేషభాగము పుస్తకముగా అచ్చుకాలేదు. ఒక్కొక్క రచనకు నాయకుని ప్రతి ఒకటి, వాద్యమునకు ఒకటి చొప్పున విడివిడి ప్రతులు ముప్పదియో నలుబదియో ఉండును. అందులో రెండవ క్లారినెట్ ప్రతి పోయినచో, దానిని తిరిగి వ్రాయగలవాడు దొరకువరకు ఆ రచన పూర్ణముగా పలుకదు. బి.బి.సి. తన లలితసంగీత ప్రతుల భాండారమును వదిలించుకొనుచున్నదని ఎరిగి, స్వయముగా ఆ శాఖలో రచయితయైన ఎర్నెస్ట్ టామ్లిన్సన్ 1984లో లలిత వాద్యసంగీత గ్రంథాలయమును స్థాపించెను. లాంకషైర్ మండలమున లాంగ్‌రిడ్జ్ సమీపమునగల తన ఇంటివద్ద పెద్ద కొట్టమొకటి యుండెను. ప్రతులను అందులో చేర్చి, విప్పి, లెక్కించి, పేర్లు వ్రాసి, అలమారులలో అమర్చెను. తరువాత ఇతరులు పారవేయబోవు ప్రతులును అక్కడికే చేరినవి. ఆయన 2015లో మరణించునాటికి ఆ కొట్టములోని రచనల సంఖ్య ఏబదివేలకు చేరియుండెను. ఏ ఊరి బృందమైనను ఒక పాత రచనను మరల వాయింపదలచినచో ఆ ప్రతులను ఎరువు తెచ్చుకొను ఏర్పాటు చేసెను. వాయించిన పిమ్మట ప్రతులన్నియు, రెండవ క్లారినెట్‌తో సహా, తిరిగి ఆ కొట్టమునకు చేరవలెను.