పండుమిరప పచ్చడి - చైనావారి గింజల ముద్ద

ఏలూరు, పెదపాడు, తాడేపల్లిగూడెం ప్రాంతాలలోను, కొల్లేటి చుట్టుపట్ల గ్రామాలలోను పండుమిరపకాయలు బజారుకు రాగానే ఇళ్ళలో పచ్చడి పనులు మొదలవుతాయి. కాయలను కడిగి, గుడ్డతో తుడిచి, తడి లేకుండా నీడన ఆరబెట్టి, తొడిమలు తీసి, ఉప్పు చేర్చి రోట్లో దంచుతారు. ఆ ముద్ద నడుమ గింజ తీసిన చింతపండు ఉంచి జాడీలో అణచి మూత వేస్తారు. మూడవనాడు తీసి, మెంతిపొడి కలిపి మరల రుబ్బుతారు. కొందరు దీనినే కొరివికారమంటారు. కావలసినప్పుడల్లా కొంచెం తీసి ఇంగువపోపు పెట్టుకొంటే ఏడాది పొడుగునా సరిపోతుంది.

హిమాలయాలకు ఆవల, చైనాలోని సిచువాన్ రాష్ట్రంలో, చెంగ్డు నగరానికి చేరువనున్న పీషియన్‌లో కూడ పండుమిరపకాయలను ఇట్లే ఉప్పుతో దంచి ఊరవేస్తారు. అయితే అక్కడ చింతపండుకు బదులు మరొక వస్తువు చేరుతుంది. అది బూజు పట్టించిన గింజ. ఈ రెండింటి కలయికే 'దౌబాన్‌జ్యాంగ్'. మాపో తోఫు మొదలైన సిచువాన్ వంటలకు రంగు, రుచి దీనివల్లనే వస్తాయి. అట్టి వంట చేయబూనిన తెలుగు గృహిణికి మన పచ్చడి దీనికి బదులుగా పనికివస్తుందా, లేకున్న ఆ ముద్దనే ఇంటిలో తయారుచేసుకొనవచ్చునా అనే సందేహం కలగడం సహజం.

మిరప రెండు దేశాలకూ అతిథియే. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. పోర్చుగీసువారు 1498లో కాలికట్ చేరిన తరువాతనే అది మన దేశానికి వచ్చింది. అంతకుముందు మన కూరలకు కారమిచ్చినవి మిరియాలు, పిప్పళ్ళు, అల్లం. చైనాలో 1591 నాటి గావ్ లియన్ గ్రంథం మిరపను చూడముచ్చటైన తోటమొక్కగా వర్ణించింది. సిచువాన్‌లో అది వంటకెక్కడానికి ఇంకను చాలకాలం పట్టింది.

కాని మిరప వచ్చేనాటికి గింజలకు బూజు పట్టించే విద్య చైనావారికి మిక్కిలి పాతది. 1972లో మావాంగ్‌దుయి వద్ద త్రవ్విన క్రీ.పూ. 2వ శతాబ్దపు సమాధిలో ఊరబెట్టిన నల్ల సోయా గింజలు దొరికినవి. 6వ శతాబ్దంలో జియా సిషియే రచించిన వ్యవసాయ గ్రంథంలో ఇట్టి ముద్దల తయారీ వివరంగా ఉన్నది. పీషియన్‌కు వలసవచ్చిన చెన్ వంశీయుడొకడు దారిలో తడిసి బూజు పట్టిన గింజలను పారవేయలేక మిరపకాయలతో కలిపి తిన్నాడని అక్కడివారు కథ చెప్పుకొంటారు. కథ మాట ఎట్లున్నా, 19వ శతాబ్ది మధ్యభాగానికి ఆ వంశంవారు దీనిని వర్తకవస్తువుగా చేశారు. 2008లో చైనా ప్రభుత్వం ఈ తయారీ విధానాన్ని జాతీయ సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చింది.

ఇందులో వాడే గింజ మన చిక్కుడు కాదు. ఉత్తర భారతంలో బాక్లా అనే పంట. దాని పొట్టు తీసి, వేడినీటిలో ముంచి, గోధుమపిండి పట్టించి, 'ఆస్పర్జిల్లస్ ఒరైజీ' అనే బూజు పెరగనిస్తారు. తరువాత ఉప్పునీటిలో నెలల తరబడి నానబెడతారు. వేరుగా ఊరిన మిరపముద్దను కలిపి, మట్టికుండలలో ఎండకు విప్పుతూ, కలియబెడుతూ, వానకు మూస్తూ ఏడాదికి పైగా ఉంచుతారు. బూజు స్రవించే ఎన్‌జైములు పిండిపదార్థాన్ని చక్కెరగాను, మాంసకృత్తులను అమినో ఆమ్లాలుగాను విడగొడతాయి. వీటిలో గ్లుటామికామ్లం ముఖ్యమైనది. దాని లవణమే ఒక ప్రత్యేకమైన రుచికి కారణమని 1908లో జపాను శాస్త్రజ్ఞుడు ఇకెడా గుర్తించాడు.

మన వంటింటికి కూడ పులియబెట్టడం తెలియనిది కాదు. ఇడ్లీపిండిలో మినపపప్పు పులిసి పొంగుతుంది. అది ప్రధానంగా 'ల్యూకోనాస్టాక్' జాతి బాక్టీరియా పని. బూజుకు మాత్రం మన ఇళ్ళలో ప్రవేశం లేదు. పచ్చడి జాడీలో తడి గరిటె పెడితే పెద్దవాళ్ళు ఊరుకోరు. ఈ ఆచారంలో మంచి శాస్త్రమున్నది. నీరు చేరినచోట ఉప్పు పలచబడి బూజు మొలకెత్తగలదు. ఊరగాయపై తేలే నూనె గాలిని అడ్డగిస్తుంది; గాలి లేనిదే బూజు పెరగదు. బూజు పొర తీసివేసి అడుగుది వాడుకొనేవారు కూడ లేకపోలేదు. అది మంచి అలవాటు కాదు.

ఎందుకంటే చెన్ వంశీయుడి అదృష్టం అందరికీ పట్టదు. ఒరైజీకి 'ఆస్పర్జిల్లస్ ఫ్లావస్' అనే దగ్గరి బంధువున్నది. చూపులో రెంటినీ వేరుచేయడం కష్టం. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్ళు చనిపోగా, వాటి దాణాలోని వేరుసెనగ పిండిలో ఈ ఫ్లావస్ విషం పట్టుబడింది. దానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. 1974లో రాజస్థాన్, గుజరాత్ గ్రామాలలో అకాలవర్షాలకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని కాలేయం చెడి నూరుమందికి పైగా మరణించారు. ఆ దుర్ఘటనను పరిశోధించి కారణం తేల్చినవారిలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులున్నారు. విషం ఉడికించినంత మాత్రాన పోదు.

వేల ఏళ్ళుగా మనిషి చేతిలో పెరిగిన ఒరైజీ ఈ విషాన్ని తయారుచేయదు. కనుకనే జపానులో దాని విత్తనాన్ని పరిశుద్ధంగా పెంచి అమ్మే ప్రత్యేక గృహాలున్నవి. ఉడికిన శనగలనో సోయా గింజలనో బుట్టలో మూసిపెట్టి, గాలిలోనుండి వచ్చి వాలిన బూజును నమ్ముకోవడం ప్రమాదకరం. కోస్తా జిల్లాల వేడిలో, తేమలో ఫ్లావస్ బాగుగా పెరుగుతుంది.

కాబట్టి ఇంటిలో చేయదగినది సగం పని మాత్రమే. చింతపండు, మెంతులు లేకుండా, కిలో పండుమిరపకాయలకు సుమారు 200 గ్రాముల ఉప్పు చేర్చి దంచి జాడీలో ఊరనివ్వాలి. చింతపండు వేసిన పచ్చడి ఈ వంటలకు మరీ పులుపు. గింజల వంతుకు అంగడిలో దొరికే జపాను 'మిసో' తెచ్చుకోవాలి. అదికూడ ఒరైజీతో చేసినదే. మిరపముద్ద రెండు పాళ్ళు, మిసో ఒక పాలు కలపాలి. రెండింటిలోను ఉప్పున్నది గనుక కూరలో వేరే ఉప్పు వేయడానికి తొందరపడరాదు. బాక్లా గింజల పలుకు, ఏడాది ఎండ ఇచ్చిన ముదురు రంగు ఇందులో ఉండవు. నూనెలో సన్నని సెగపై వేయించి, నూనె ఎర్రబడిన తరువాతనే మిగిలిన దినుసులు వేయడం మాత్రం పీషియన్ ముద్దకూ దీనికీ ఒకటే.