నిర్దోషికి నడవడి పత్రం

నేరం చేయలేదని కోర్టు తేల్చిన మనిషికి, ఇతను మంచివాడేనని సర్కారు ఒక కాగితం రాసివ్వడం ఎక్కడైనా విన్నారా? మా హైదరాబాదులో జరిగింది. మక్కా మసీదు పేలుడు తర్వాత పోలీసులు పట్టుకుపోయిన ముస్లిం కుర్రవాళ్ళకు 2011 చివర అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నష్టపరిహారం ప్రకటించింది. జైలుకెళ్ళి, కేసు గెలిచి బయటికొచ్చిన 20 మందికి తలా 3 లక్షలు. పట్టుకెళ్ళి ప్రశ్నించి వదిలేసిన 50 మందికి తలా 20 వేలు. డబ్బుతో పాటు నడవడి పత్రాలు కూడా ఇచ్చింది. కోర్టు తీర్పు చేతిలో ఉండగా ఆ కాగితం దేనికి? తీర్పును ఎవరూ చదవరు కాబట్టి. వీధిలో వాళ్ళు, అద్దెకు ఇల్లిచ్చే వాళ్ళు, పిల్లనిచ్చే వాళ్ళు, కొలువిచ్చే వాళ్ళు చదివింది పేపరు. పేపర్లో పడ్డ పేరు తీర్పుతో చెరిగిపోలేదని సర్కారుకూ తెలుసు. ఆ కాగితం దానికి సాక్ష్యం.

2007 మే 18, శుక్రవారం. జుమా నమాజుకు వేల మంది చేరిన వేళ మసీదు ఆవరణలో బాంబు పేలింది. 9 మంది చచ్చిపోయారు. తర్వాత బయట గుంపు మీద పోలీసులు జరిపిన కాల్పుల్లో మరో 5గురు. చచ్చిపోయింది నమాజుకొచ్చిన వాళ్ళు. చంపింది కూడా వాళ్ళ వాళ్ళేనన్న కథ శవాలు ఇంటికి చేరకముందే టీవీలకెక్కింది. సరిహద్దు అవతలి సంస్థల పేర్లు వినిపించాయి. ఆ కథకు ఇవతలి వైపు మనుషులు కావాలి కదా. పాతబస్తీ గల్లీల్లో వెతుకులాట మొదలైంది. సెల్‌ఫోన్లు అమ్ముకునేవాడు, ఆటో నడుపుకునేవాడు, కాలేజీలో చదువుకునేవాడు, ఎవడైతేనేం! కొందరిని ఊరి బయట ఫారంహౌసుల్లో ఉంచి కొట్టారని వాళ్ళే తర్వాత చెప్పారు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ నియమించిన అడ్వకేట్ కమిషనర్ ఎల్. రవిచందర్ జైలుకెళ్ళి వాళ్ళతో మాట్లాడారు. ఒళ్ళంతా చూశారు. చిత్రహింసల ఆనవాళ్ళున్నాయని నివేదిక రాశారు. చివరికి కోర్టులు వాళ్ళను నిర్దోషులని వదిలేశాయి.

2010కి దర్యాప్తు పూర్తిగా మరో దారి పట్టింది. హిందూత్వ సంస్థలతో సంబంధమున్న వాళ్ళను అరెస్టు చేశారు. వాళ్ళలో ఒకరైన అసీమానంద మేజిస్ట్రేటు ముందు ఒప్పుకోలు వాంగ్మూలం ఇచ్చారు. చంచల్‌గూడ జైల్లో తనకు సేవ చేసిన ముస్లిం కుర్రవాడు ఇదే కేసులో అన్యాయంగా జైలు చూసినవాడని తెలిసి మనసు మారిందని అందులో చెప్పారు. తర్వాత, బలవంతంగా చెప్పించారంటూ ఆ వాంగ్మూలాన్ని వెనక్కి తీసుకున్నారు. 2018 ఏప్రిల్ 16న నాంపల్లిలోని ఎన్.ఐ.ఎ. ప్రత్యేక కోర్టు విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ సాక్ష్యం చాలదని విడుదల చేసింది. చట్టం వాళ్ళకిచ్చిన హక్కు అది. ఆ హక్కు అందరికీ ఉండాలని అడిగేవాళ్ళం మేం. అయితే ఆ 14 మంది చావుకు ఈనాటికీ శిక్ష పడ్డవాడు ఒక్కడూ లేడు. నేరస్తుడు దొరకని నేరానికి చెడ్డపేరు మాత్రం ఒక బస్తీకి, ఒక మతానికి, కొన్ని ఇళ్ళకు దొరికింది.

మా మీద పడ్డ పేర్లలో ఇది మొదటిది కాదు. తెలంగాణలో మా తాతల నాటి పేరు 'రజాకార్'. ఉర్దూలో ఆ మాటకు స్వచ్ఛంద సేవకుడని అర్థం. ఖాసిం రజ్వీ మనుషులు ఊళ్ళ మీద పడి చేసిన దుర్మార్గం ఆ మాటను తిట్టుగా మార్చింది. ఆ దుర్మార్గం నిజం, దాన్ని మేం దాచం. అయితే 1948 ఆగస్టులో ఆ రజాకార్లను ఎదిరించి రాసినందుకు నడివీధిలో హత్యకు గురైన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ కూడా మావాడే. ఉర్దూ జర్నలిస్టు. నిజాంకు, దొరలకు ఎదురు నిలిచిన మఖ్దూం మొహియుద్దీన్ మావాడే. విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కోర్టుల్లో కొట్లాడి, గెలిచి, ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ మావాడే. వీళ్ళను తలచుకున్నప్పుడు వీళ్ళు 'తెలంగాణ వీరులు'. రజ్వీని తలచుకున్నప్పుడు మాత్రం మేమంతా రజాకార్లం. మంచి చేసినవాడు అందరివాడు, చెడు చేసినవాడు మావాడు. ఈ పంపకం ఎవరు చేశారు?

పోలీసు యాక్షన్ అయ్యాక ఊళ్ళలో ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వమే పండిట్ సుందర్‌లాల్‌ను, ఖాజీ అబ్దుల్ గఫార్‌ను పంపింది. వాళ్ళు 1948 నవంబరు, డిసెంబరు నెలల్లో జిల్లాలు తిరిగారు. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది దాకా ప్రాణాలు పోయాయని అంచనా వేశారు. చచ్చినవాళ్ళలో రజాకార్లతో సంబంధం లేని మామూలు ముస్లింలు లెక్కలేనంత మంది. ప్రాణాలకు తెగించి పొరుగు ముస్లింలను కాపాడిన హిందువుల గురించి కూడా వాళ్ళు రాశారు. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయట పెట్టలేదు. 2013 దాకా అది మామూలు చదువరికి అందలేదు. అంటే 65 ఏళ్ళు. ఆ 65 ఏళ్ళూ మా నానమ్మలు, అమ్మమ్మలు బావుల గురించి, అడవుల్లో దాక్కున్న రాత్రుల గురించి గుసగుసగా చెప్పుకున్నారు. గట్టిగా చెబితే 'రజాకార్ల ఇల్లు' అంటారని భయం. దోషం ఎవరిదైనా సిగ్గు మాత్రం వాళ్ళదే అయింది. బద్నామ్ చేయడమంటే ఇదే. మనిషిని కొట్టడంతో అది ఆగదు, జరిగింది చెప్పుకునే నోరు కూడా కట్టేస్తుంది.

ఈ పేరు పెట్టే పని పత్రికల్లో ఎట్లా జరుగుతుందో రెండు భాషల్లో పనిచేసే మాకు దగ్గరగా తెలుసు. అరెస్టు వార్త సాయంత్రం ప్రెస్‌మీట్‌లో పుడుతుంది. ముఖానికి నల్ల ముసుగేసిన కుర్రవాళ్ళను వరసగా నిలబెడతారు. ముందు బల్ల మీద వస్తువులు. కాగితం మీద పేరు, 'అలియాస్' అని మరో పేరు. ఇంట్లో అమ్మ పిలిచే ముద్దుపేరు కూడా 'అలియాస్' తర్వాత చేరితే నేరస్తుడి పేరులాగే కనబడుతుంది. 'అనుమానితుడు' అన్న మాట వార్త లోపల ఎక్కడో ఉంటుంది. శీర్షికలో స్థలం చాలదు కాబట్టి 'ఉగ్రవాది' అని పడుతుంది. మొదటి పేజీ, ఫొటో, ఇల్లున్న గల్లీ పేరు. ఐదారేళ్ళకు కోర్టు వదిలేస్తే ఆ వార్తకు ప్రెస్‌మీట్ ఉండదు. కోర్టు వార్తల మూల, ఒక్క కాలమ్, నాలుగు లైన్లు. ఇందులో ఎవరో ఒకరి కుట్ర ఉందనం. అరెస్టు చెప్పడానికి ఒక శాఖ ఉంది, విడుదల చెప్పడానికి ఎవరూ లేరు. ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. 1978 చట్టం దానికిచ్చిన అధికారం హెచ్చరించడం, మందలించడం, అభిశంసించడం వరకే. టీవీలు దాని పరిధిలోకే రావు.

భాషల తేడా కూడా చూడండి. విడుదలైన కుర్రవాడి గురించి ఉర్దూ పత్రిక 'బాఇజ్జత్ బరీ' అని రాస్తుంది. గౌరవంతో విడుదలయ్యాడని. తెలుగు పత్రిక 'సాక్ష్యాధారాలు లేక కేసు కొట్టివేత' అని రాస్తుంది. మొదటిది చదివినవాడికి ఆ పిల్లవాడు గెలిచి వచ్చాడు. రెండోది చదివినవాడికి తప్పించుకుని వచ్చాడు. ఒకే తీర్పు, ఒకే ఊరు, చార్మినార్‌కు అటూ ఇటూ రెండు అర్థాలు. ఇంతకీ ఆ 'ఇజ్జత్' చట్టంలో ఉందా? గౌరవప్రదమైన విడుదల అన్న మాట క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో లేదని, దాన్ని నిర్వచించడం కష్టమని సుప్రీంకోర్టే ఒక తీర్పులో అంది. కోర్టు స్వేచ్ఛ ఇవ్వగలదు. ఇజ్జత్ ఇచ్చే కాలమ్ దాని ఫారంలో లేదు. ఉర్దూ పత్రికలు పెద్ద మనసుతో ఆ మాట చేర్చాయి. అయినా ఒక సంగతి మావాళ్ళకూ చెప్పాలి. ఒకరు 'ఉగ్రవాది' అన్నారు, ఒకరు 'మాసూమ్ నౌజవాన్' అన్నారు. ఇద్దరూ ఆ కుర్రవాడి బదులు మాట్లాడినవాళ్ళే. అతన్ని కూర్చోబెట్టి 'బేటా, ఏం జరిగిందో నువ్వు చెప్పు' అన్నవాళ్ళు బహు తక్కువ.

అడగకపోయినా చెప్పినవాళ్ళు ఉన్నారు. అహ్మదాబాదు ముఫ్తీ అబ్దుల్ ఖయ్యూంను అక్షరధామ్ దాడి కేసులో 2003లో పట్టుకున్నారు. కింది కోర్టు ఉరిశిక్ష వేసింది, హైకోర్టు ఖాయం చేసింది. 2014 మే 16న సుప్రీంకోర్టు ఆయనతో పాటు మరో ఐదుగురిని నిర్దోషులని విడుదల చేసింది. ఆ తేదీ గుర్తుందా? లోక్‌సభ ఎన్నికల ఫలితాలొచ్చిన రోజు. మర్నాటి పేపర్లలో ఉరికంబం దాకా పోయి వచ్చిన మనిషికి చోటెక్కడిది? ఆయనే కలం పట్టి 'గ్యారహ్ సాల్ సలాఖోం కే పీఛే' అని తన 11 ఏళ్ళ కథ రాసుకున్నాడు. ముంబై స్కూలు మాస్టారు అబ్దుల్ వాహిద్ షేక్‌ను 2006 రైలు పేలుళ్ళ కేసులో అరెస్టు చేశారు. 2015లో 13 మందిలో ఆయనొక్కడే నిర్దోషిగా బయటపడ్డాడు. జైల్లో ఉండగానే రాసుకున్న 'బేగునాహ్ ఖైదీ'ని తర్వాత అచ్చేశాడు. తనది చెప్పుకుని ఊరుకోలేదు, లోపల మిగిలినవాళ్ళు కూడా బేగునాహ్‌లేనని అందులో వాదించాడు. 2025 జూలై 21న బొంబాయి హైకోర్టు శిక్ష పడ్డ 12 మందినీ నిర్దోషులంది. వాళ్ళలో ఒకరు ఆ మాట వినకుండానే 2021లో జైల్లో చనిపోయారు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఆ తీర్పును ఇతర కేసుల్లో ఉదాహరణగా వాడొద్దని పై కోర్టు చెప్పింది, విడుదలైనవాళ్ళను మాత్రం వెనక్కి పంపమనలేదు.

పరిహారం సంగతి మరో కథ. హైదరాబాదు కుర్రవాళ్ళకిచ్చిన డబ్బు చెల్లదని 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. నిర్దోషిగా విడుదలైనంత మాత్రాన పరిహారం హక్కు కాదంది. అక్షరధామ్ కేసులో విడుదలైనవాళ్ళు అడిగితే 2016లో సుప్రీంకోర్టు కూడా కాదంది. 2018లో అదే సుప్రీంకోర్టు, ఇస్రో గూఢచర్యం కేసులో అన్యాయంగా నలిగిన శాస్త్రవేత్త నంబి నారాయణన్‌కు 50 లక్షలు ఇమ్మంది. మాకు సంతోషం. ఆయనకు జరిగింది ఘోరం. ఆయన తన కథ రాశారు, సినిమా వచ్చింది, దేశం విన్నది. అదే కేసులో జైలుపాలైన ఇద్దరు మాల్దీవుల ముస్లిం స్త్రీలను పత్రికలు వలపు వల విసిరినవాళ్ళుగా రాశాయి. వాళ్ళ కథ ఎంతమంది విన్నారు? ఎవరి పరువు పోతే దేశం పరువు పోయినట్టు, ఎవరిది పోతే మామూలు సంగతో ఇక్కడ తెలిసిపోతుంది.

తెలుగులో మా కథ చెప్పుకోవడానికి దారి వేసినవాళ్ళు ఉన్నారు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. పుట్టుకతోనే అంటగట్టిన అనుమానం గురించి తెలుగువాడికి తెలుగులోనే చెప్పింది. 1998లో 'జల్‌జలా' వచ్చింది. 2004లో 'వతన్' కథలు వచ్చాయి. ఈ పుస్తకాల తర్వాత మా ఇంటి మాట, మా అమ్మీల, నానీల భాష తెలుగు అచ్చులోకొచ్చింది. అయినా 2007లో గల్లీల నుంచి మాయమైన పిల్లల కథలు వాళ్ళ నోటితో తెలుగులోకి రావలసినంతగా రాలేదు. అంతవరకూ తెలుగు పాఠకుడి దగ్గరున్నది ఆ ముసుగు ఫొటో ఒక్కటే.

అందుకని పెద్ద మాటలు పక్కనపెట్టి చేయదగ్గ పనులు చెప్పుకుందాం. విడుదల తీర్పులు ఇంగ్లీషులో ఉంటాయి. వాటిని తెలుగులోకి, ఉర్దూలోకి తెచ్చి ఆ బస్తీ లైబ్రరీల్లో పెట్టాలి. పట్టుకెళ్ళిన తేదీ, కోర్టులో చూపిన తేదీ, విడుదల తేదీ పక్కపక్కన రాసి పెట్టాలి. తేదీలు అబద్ధమాడవు. కొడుకు కోసం స్టేషన్ల చుట్టూ తిరిగిన అమ్మీ, ములాఖాత్‌కు టిఫిన్ డబ్బా మోసిన బాజీ, పెళ్ళి ఆగిపోయిన చెల్లెలు, వీళ్ళ మాటలు ముందు రాసుకోవాలి. జైలు లోపలి కథకు కోర్టు రికార్డయినా ఉంది, ఇంట్లో జరిగినదానికి అదీ లేదు. చెప్పనన్నవాడిని మాత్రం బలవంతపెట్టొద్దు. మరచిపోవాలనుకోవడం కూడా అతని హక్కే. ఒకసారి అతని అనుమతి లేకుండా ప్రపంచానికి చూపించారు. మంచి కోసమైనా సరే, రెండోసారి ఆ పని మనం చేయకూడదు.

లౌకికవాదులైన తెలుగు మిత్రులకు మా విన్నపం ఒకటే. మా తరఫున వాదించడానికి వస్తున్నారు, షుక్రియా. దాంతో పాటు, ఇంట్లో పాత పేపర్లుంటే 2007 నాటివి ఒకసారి తీసి చూడండి. అందులో మీరు చదివి నమ్మిన పేరు ఒకటి ఉంటుంది. ఆ పేరుగల మనిషి ఇప్పుడు మీ ఊళ్ళోనే ఎక్కడో దుకాణం నడుపుకుంటున్నాడేమో. మంచివాడేనని అతనికి ఎవరూ పత్రం రాసివ్వనక్కర్లేదు. అతను చెప్పేటప్పుడు వినండి, చాలు.