సహాధ్యాయికి రాసిన ఉత్తరం

అన్నే ఫ్రాంక్ డైరీ సంగతి మనలో చాలామందికి తెలుసు. ఆ డైరీ మొదలవడానికి ముందు ఆమె తండ్రి ఒట్టో ఫ్రాంక్ రాసిన ఉత్తరాల సంగతి తెలిసినవారు తక్కువ. పూర్వ విద్యార్థుల సంచికలో వాటిని తలచుకోవడానికి కారణం ఉంది. వాటిలో ముఖ్యమైనదాన్ని ఆయన తనతో చదువుకున్న మిత్రుడికే రాశారు.

ఒట్టో 1908లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో కొంతకాలం చదివారు. అక్కడ నేథన్ స్ట్రాస్ అనే అమెరికా విద్యార్థితో స్నేహం కుదిరింది. న్యూయార్క్‌లోని మేసీస్ అనే పెద్ద దుకాణం అప్పట్లో స్ట్రాస్ కుటుంబానిదే. ఒట్టో వెళ్లి అక్కడ పని నేర్చుకుని, తిరిగి స్వదేశం వచ్చేశారు.

1933లో హిట్లర్ గద్దెనెక్కాక ఈ యూదు కుటుంబం హాలండ్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌కు తరలింది. 1940 మే నెలలో నాజీ సేనలు అక్కడికీ వచ్చాయి. రోటర్‌డామ్‌పై పడిన బాంబులకు అమెరికా కాన్సులేట్‌లోని వీసా దరఖాస్తులు కాలి బూడిదయ్యాయి.

1941 ఏప్రిల్ 30న ఒట్టో స్ట్రాస్‌కు ఉత్తరం రాశారు. వీసా కోసం 5,000 డాలర్లు హామీగా కట్టగలవా అని అడిగారు. తన కోసం కాదు, ఇద్దరు ఆడపిల్లల కోసమని విన్నవించుకున్నారు.

మిత్రుడు ముఖం చాటేయలేదు. అధికారులను వాకబు చేశారు, శరణార్థుల సంస్థను కదిలించారు. అమెరికాలో కూలి పని చేసుకుంటున్న ఒట్టో బావమరుదులిద్దరూ హామీపత్రాలు సిద్ధం చేశారు. కానీ ఆ వేసవిలోనే అమెరికా నిబంధనలు బిగించింది. నాజీల ఆక్రమణలో ఉన్న దేశాల్లో దాని కాన్సులేట్లు మూతపడ్డాయి. చివరికి డిసెంబర్ 1న ఒట్టో ఒక్కరికి క్యూబా వీసా మంజూరైంది. పదిరోజులకు జర్మనీ అమెరికాపై యుద్ధం ప్రకటించింది. ఆ వీసా రద్దయింది.

1942 జులై 5న పెద్దకూతురు మార్గోట్‌కు నాజీల నుంచి పిలుపు వచ్చింది. మర్నాడే కుటుంబమంతా అజ్ఞాతంలోకి వెళ్లింది. రెండేళ్లు దాటాక, 1944 ఆగస్టు 4న పట్టుబడ్డారు. నలుగురిలో ప్రాణాలతో మిగిలింది ఒట్టో ఒక్కరే. 1945లో విడుదలయ్యాక ఆయన మళ్లీ ఉత్తరాలు మొదలుపెట్టారు, స్విట్జర్లాండ్‌లో ఉన్న తన తల్లికి.

స్ట్రాస్‌తో సాగిన ఉత్తరప్రత్యుత్తరాలు న్యూయార్క్‌లోని యివో సంస్థ దస్త్రాల్లో దశాబ్దాల పాటు ఉండిపోయి, 2007లో వెలుగు చూశాయి. చదివితే ఒకటి స్పష్టమవుతుంది. అడిగినవాడు సకాలంలోనే అడిగాడు, స్నేహితుడూ కదిలాడు. తలుపులు మూసింది మాత్రం ప్రభుత్వాల నిబంధనలు.

నర్సీపట్నంలో చదివి దేశదేశాలకు చేరిన మనం సాటివారికి చేయూతనివ్వడం స్నేహధర్మం. ప్రాణభయంతో వచ్చినవారికి తలుపు తెరిచే చట్టాల కోసం మాట్లాడటం పౌరధర్మం. మొదటిదొక్కటే చాలదని ఈ ఉత్తరాలు చెబుతున్నాయి.