ఒకవేళ తప్పయితే?

పోయినేడాది ఉగాదికి రెండ్రోజుల ముందు నా మొదటి గ్రాంట్ ప్రపోజల్ తిరిగొచ్చింది. ఏడు నెలలు కూర్చుని రాసింది. డ్యూటీ అయ్యాక రాత్రిపూట రాసింది, ఆదివారాలు రాసింది. దానిమీద ముగ్గురు రివ్యూయర్లు కలిసి రాసిన అభిప్రాయం పేజీన్నర. అందులో ఒక వాక్యం మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది: మొదటి ఊహ తప్పయితే దరఖాస్తుదారు ఏం చేస్తారు?

నా పరిశోధన సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. ఐరన్ మాత్రలు ఇచ్చినా కొందరు గర్భిణుల్లో రక్తం పెరగదు. ఒంట్లో బయటికి తెలియని ఇన్‌ఫ్లమేషన్ ఉంటే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్‌ని ఎక్కువగా తయారుచేస్తుంది. అది పేగుల నుంచి ఐరన్ రక్తంలోకి వెళ్ళకుండా అడ్డుపడుతుంది. మా దగ్గరికొచ్చే ఆడవాళ్ళలో జరుగుతున్నదీ ఇదేనని నా ఊహ. మొదటి లక్ష్యం ఆ ఊహని రుజువు చేయడం. రెండోది, ఆ ఇన్‌ఫ్లమేషన్ ఎక్కణ్ణుంచి వస్తోందో కనుక్కోవడం. మూడోది, దాన్ని తగ్గించి చూడటం. మొదటిది కూలితే మిగతా రెండూ దానితోపాటే కూలిపోతాయి. ఏడు నెలల్లో ఆ విషయం నాకు ఒక్కసారీ తట్టలేదు.

మా మేడం ప్రపోజల్ అంతా చదివి, కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "ఇది ప్రపోజల్ కాదమ్మా, పంచాంగ శ్రవణం. ఏ ఏడాది ఏం కనుక్కుంటావో ముందే చెప్పేశావు. ఆదాయ వ్యయాలు కూడా వేశావు. రాజపూజ్యం అవమానం ఒక్కటే తక్కువ." నేను నవ్వలేకపోయాను. మా ల్యాబ్ టెక్నీషియన్ జీతానికి డబ్బు ఇంకో ఎనిమిది నెలలకే ఉంది. ఆవిడే మళ్ళీ అన్నారు, "బాంటింగ్ కథ చదువు. నోబెల్ దాకా అక్కర్లేదు. మొదటిసారి వెళ్ళి అడిగినప్పుడు ఏం జరిగిందో అక్కడిదాకా చదువు చాలు."

చదివాను.

1920లో ఫ్రెడరిక్ బాంటింగ్‌కి 28 ఏళ్ళు. కెనడాలో, ఒంటారియోలోని లండన్ అనే ఊళ్ళో సర్జన్‌గా బోర్డు పెట్టుకున్నాడు. పేషెంట్లు రావట్లేదు. పొట్ట గడవడానికి మెడికల్ కాలేజీలో పార్ట్‌టైమ్‌గా పాఠాలు చెప్పేవాడు. అక్టోబర్ చివర్లో ఒక రాత్రి, పాఠం కోసం చదువుతుంటే క్లోమం గురించిన వ్యాసం ఒకటి కంటబడింది. నిద్రపట్టక, లేచి ఒక ఆలోచన రాసుకున్నాడు. కుక్క క్లోమనాళాన్ని ముడివేస్తే జీర్ణరసాలు తయారుచేసే భాగం క్షీణిస్తుంది. అప్పుడు మిగిలిన భాగంలోంచి చక్కెరని అదుపుచేసే పదార్థాన్ని పాడవకుండా తీయొచ్చు.

నవంబర్‌లో టొరంటో వెళ్ళి ప్రొఫెసర్ మెక్లియాడ్‌ని కలిశాడు. మెక్లియాడ్ మధుమేహం మీద పుస్తకాలు రాసినవాడు. ఎదురుగా కూర్చున్న కుర్రాడికి ఆ రంగంలో పాఠ్యపుస్తకానికి మించి ఏమీ తెలియదని ఆయనకి కాసేపట్లోనే అర్థమైంది. ఇప్పటి భాషలో చెప్పాలంటే దరఖాస్తుదారుకి అనుభవం లేదు, ప్రాథమిక డేటా లేదు, పాత పరిశోధనల మీద పట్టు లేదు. మా కమిటీల్లో అయితే మొదటి వడపోతలోనే పోయేవాడు. అయినా మెక్లియాడ్ చివరికి ఒక గది, పది కుక్కలు, చార్లెస్ బెస్ట్ అనే విద్యార్థిని ఇచ్చాడు. ఎందుకిచ్చాడన్నదే నాకు కావలసిన సంగతి. ఆ ప్రయోగాన్ని అంత పద్ధతిగా అప్పటిదాకా ఎవరూ చేయలేదు. ఫలితం రాకపోయినా, రాలేదని గట్టిగా తెలియడం కూడా శాస్త్రానికి విలువైనదేనని ఆయన అభిప్రాయం.

1921 మే 17న పని మొదలైంది. ఎండాకాలమంతా కుక్కలు చచ్చిపోతూనే ఉన్నాయి. ఇచ్చిన పది చాలక ఇంకా తెచ్చుకున్నారు. ఆ ఏడాది చివరికొచ్చేసరికి తేలిందేమిటంటే, బాంటింగ్‌కి నిద్రపట్టనివ్వని ఆలోచన అనవసరమైనదని! నాళాన్ని ముడివేయక్కర్లేదు. మామూలు క్లోమం నుంచే ఆల్కహాల్‌తో ఆ పదార్థాన్ని తీయొచ్చు. 1922 జనవరి 11న లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ అబ్బాయికి ఇచ్చిన మొదటి ఇంజెక్షన్ పెద్దగా పనిచేయలేదు. కొత్తగా చేరిన బయోకెమిస్ట్ కాలిప్ శుద్ధిచేసిన మందు జనవరి 23న ఇస్తే పనిచేసింది. రాసుకున్న ఆలోచన పోయింది, ఇన్సులిన్ మిగిలింది.

సరే, బాంటింగ్ ఫారం నింపలేదు కదా, నోటిమాటతో అడిగాడు కదా అనుకున్నాను. అందుకని రాతపూర్వకంగా అడిగినవాళ్ళ కోసం వెతికాను. 1939 సెప్టెంబర్. యుద్ధం అప్పుడే మొదలైంది. ఆక్స్‌ఫర్డ్‌లో హోవర్డ్ ఫ్లోరీ, ఎర్నస్ట్ చైన్ పెన్సిలిన్ మీద పనికి డబ్బు కోసం తంటాలు పడుతున్నారు. బ్రిటిష్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఇస్తామన్నది అవసరానికి చాలదు. నవంబర్‌లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్‌కి రాశారు. ఆ ఫౌండేషన్‌లో వాళ్ళు అడిగింది ప్రకృతి విజ్ఞానాల విభాగాన్ని. జీవరసాయన శాస్త్రం మీద ఆ విభాగానికి ఆసక్తి. అందుకే దరఖాస్తు 'లోకాన్ని కాపాడే మందు' అంటూ మొదలవదు. సూక్ష్మజీవులు ఒకదాన్నొకటి చంపుకోవడానికి తయారుచేసే పదార్థాల రసాయన స్వభావం గురించి మాట్లాడుతుంది. సిద్ధాంతపరమైన ప్రాముఖ్యం ముందు, వైద్యానికి పనికిరావచ్చన్న మాట తర్వాత.

ఏడాదికి 5,000 డాలర్ల చొప్పున ఐదేళ్ళకి మంజూరైంది. పెన్సిలిన్ మందుగా పనికిరాకపోయినా, ఆ పదార్థాల కెమిస్ట్రీ తెలుస్తుంది. అడిగిన డబ్బుకి జవాబు అప్పటికే అందులో ఉంది. 1940 మే 25న ప్రాణాంతకమైన స్ట్రెప్టోకాకస్ ఎక్కించిన ఎనిమిది ఎలుకల్లో నాలుగింటికి పెన్సిలిన్ ఇచ్చారు. తెల్లారేసరికి మందు అందని నాలుగూ చచ్చిపోయాయి, అందినవి బతికున్నాయి. గ్రాంట్ వచ్చినంత మాత్రాన ఆ ల్యాబ్‌లో సిరులేమీ కురవలేదు. నార్మన్ హీట్లీ అనే యువ పరిశోధకుడు ఆస్పత్రి బెడ్‌పాన్లలో కూడా బూజు పెంచాడు.

ఆ రోజుల్లో డబ్బు ఇంచుమించు మనిషిని చూసే వచ్చేది. మన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా వెళ్ళగలిగాడంటే మామగారు పోగుచేసిన సాయం, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మనిధి ఇచ్చిన మాట ఉండబట్టే. తెలిసినవాళ్ళు లేనివాడి గతేమిటి? 1946లో అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెల్త్ గ్రాంట్ల కోసం ఒక కార్యాలయం పెట్టి, దరఖాస్తులు చదవడానికి బయటి శాస్త్రవేత్తలతో స్టడీ సెక్షన్లు ఏర్పరిచింది. 1947లో 4 మిలియన్ డాలర్లు దాటిన ఆ గ్రాంట్లు పదేళ్ళలో 100 మిలియన్లు దాటాయి. మన ముఖం ఎరగనివాళ్ళు మన కాగితం చదివి నిర్ణయించే పద్ధతి మామూలైంది. ఇది న్యాయమైన మార్పే. కానీ ముక్కూమొహం తెలియనివాడు నమ్మాలంటే రుజువు కావాలి. రుజువు కావాలంటే డబ్బు కావాలి. మొదటిసారి రాసేవాళ్ళం ఈ మెలికలోనే ఇరుక్కుంటాం.

ఇరుక్కున్నవాళ్ళలో అందరికీ తెలిసిన పేరు కాటలిన్ కరికో. హంగరీ నుంచి వచ్చి 1989లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో చేరింది. ఎంఆర్‌ఎన్‌ఏ మీద ఆమె రాసిన దరఖాస్తులు ఒకదాని వెంట ఒకటి తిరిగొచ్చాయి. 1995లో హోదా తగ్గించారు. తర్వాత డ్రూ వైస్‌మన్‌తో కలిసి చేసిన పని 2005లో అచ్చయింది. 2023లో నోబెల్ వచ్చింది. ఈ కథని ధైర్యం చెప్పడానికి వాడతారు. నాకు మాత్రం భయమేసింది. మంచి దరఖాస్తు రాయడం మన చేతిలో ఉంది, చదివేవాడి ఊహ మన చేతిలో లేదు. తిరిగొచ్చిన ప్రతి ప్రపోజల్ వెనకా కరికో ఉండదు. నాలాంటి తప్పు చేసినవాళ్ళే ఎక్కువమంది ఉంటారు. రివ్యూయర్ ప్రశ్నని అవమానంగా తీసుకున్న మొదటి వారం నాకీ సంగతి ఎక్కలేదు.

మళ్ళీ రాశాను. ఈసారి హెప్సిడిన్‌ని సింహాసనం మీంచి దించాను. రక్తం పెరగని ఆడవాళ్ళలో ఒకేసారి ఐదు కారణాలు చూస్తాం: ఇన్‌ఫ్లమేషన్, బి12 లోపం, ఫోలేట్ లోపం, తలసీమియా ట్రెయిట్, అసలు మాత్రలు మింగుతున్నారా లేదా అన్నది. ఏ లక్ష్యమూ ఇంకోదాని భుజం మీద నిలబడదు. నా ఊహ తప్పయినా, ఏ కారణం ఎంతమందిలో ఉందో తెలుస్తుంది, అది రేపు ఓపీలో పనికొస్తుంది. చివర్లో 'ఒకవేళ తప్పయితే' అని ఒక పేరా పెట్టాను. దాన్ని రాయడానికే అన్నిటికన్నా ఎక్కువ టైమ్ పట్టింది. నా ఊహ మీద నాకున్న ప్రేమని పక్కనపెట్టి, అది లేకుండా ఏం మిగులుతుందో చూడాల్సివచ్చింది మరి. మొదటి పేజీని ఇంజనీరింగ్ చదివిన మా తమ్ముడికిచ్చి చదివించాను. "హెప్సిడిన్ అంటే ఏంటక్కా?" అని వాడు అడిగిన చోటల్లా తిరగరాశాను.

మేడం ఈసారి కళ్ళజోడు తీయలేదు. "పంపు," అన్నారు.

జవాబు ఇంకా రాలేదు. టెక్నీషియన్ జీతం కోసం ఆ ఎనిమిది నెలల డబ్బునీ సాగదీసుకుంటూ వస్తున్నాం. ఫ్రీజర్‌లో పాత శాంపిళ్ళు అరవై ఉన్నాయి. వాటిలో బి12 కొలవడం పోయిన సోమవారం మొదలుపెట్టాం.